అర్జీ కుర్చీ, ప్రార్థన చీటీ

మా ముత్తాత పద్నాలుగు ఊళ్ళకు దేశ్‌ముఖ్. ఆయన గుర్రం మీద వస్తుంటే జనం చెప్పులు చేత్తో పట్టుకుని దారి పక్కకు తప్పుకునేవారని మా ఇంట్లో చెప్పుకునేవారు. అది గొప్పగా చెప్పుకోవలసిన సంగతి కాదని ఇప్పుడు నాకూ తెలుసు. జరిగింది కాబట్టి రాస్తున్నాను. మా తాత ఊళ్ళు వదిలి నగరానికి వచ్చి, పంజాగుట్టలో బంగళా కట్టించి, నిజాం సర్కారులో పెద్ద హోదాలో పనిచేశాడు. రోజూ పొద్దున రెండు గంటలసేపు వరండాలో టేకు కుర్చీలో కూర్చుని అర్జీలు తీసుకునేవాడు. ఆ కుర్చీకి ఎదురుగా ఇంకో కుర్చీ వేసే ఆచారం లేదు. వచ్చినవాళ్ళు నిలబడే చెప్పుకోవాలి. ఇంట్లో అందరూ దాన్ని అర్జీ కుర్చీ అనేవారు.

మా నాన్న కాలానికి ఊళ్ళు పోయాయి. తర్వాత బంగళా పోయింది. ఆయనకు మిగిలింది చక్కటి ఉర్దూ దస్తూరీ, దానికి తీసిపోని తెలుగు దస్తూరీ, ఆ కుర్చీ. మాసబ్ ట్యాంక్‌లో సర్కారు ఆఫీసుల గోడ పక్కన గొడుగు కింద మడత బల్ల వేసుకుని, వచ్చిపోయేవాళ్ళకు అర్జీలు రాసిపెట్టేవాడు. ఎవరైనా అడిగితే ఇంట్లో మేము "నాన్న ఆఫీసుకు పోయిండు" అనేవాళ్ళం. నేను నిజంగానే ఆఫీసుకు పోయాను. అదే గోడకు లోపలివైపు, ఇన్‌వర్డ్ సెక్షన్‌లో, ముప్పై నాలుగేళ్ళు అర్జీల మీద ముద్ర కొట్టి నంబరు వేసి ఫైల్లో పెట్టాను. తీసుకున్నవాడు తాత, రాసినవాడు నాన్న, ఫైల్లో పెట్టినవాణ్ణి నేను. మా వంశంలో అర్జీ పెట్టుకున్నవాడు మాత్రం లేడు. దానికి చాలా ఏళ్ళు గర్వపడ్డాను.

దేవుడి దగ్గర కూడా మాకు అడిగే అలవాటు లేదు. తాత పండుగలకు పూజలు చేయించేవాడట. నడుం వంచకుండా దండం పెట్టి, పూజారికి ఇవ్వవలసింది ఇచ్చి పంపేవాడట. నాన్న దండం పెట్టేవాడు గాని పెదవులు కదిపేవాడు కాదు. నాకూ అదే వచ్చింది. పెళ్ళయ్యాక ఆ పని మా ఆవిడకు వదిలేశాను.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో రెండు గదుల ఫ్లాట్ మాది. మాకు పిల్లలు లేరు. ముందు గదిలో సగం చోటు అర్జీ కుర్చీదే. అందులో ఎవరూ కూర్చోరు. నేనూ కూర్చోను, ఆ హోదా నాకు రాలేదు. దసరాకు మా ఆవిడ దానికి నూనె రాసి తుడిచేది. తుడుస్తూ తిట్టేది.

"నలభై ఏండ్ల సంది దీని కాలు నా చిటికెనేలుకు తగుల్తనే ఉన్నది. మీ తాత పోయినా ఆయన తన్నుడు పోలేదు."

వంటింటి గోడకు చెక్క అర ఒకటి ఉంది. అందులో నాలుగు పటాలు, ఒక ఇత్తడి దీపం. రోజూ పొద్దున స్నానం కాగానే ఆమె దీపం వెలిగించి పది నిమిషాలు అక్కడే నిలబడి ఏదో గొణిగేది. మంత్రాలు ఆమెకు రావు. ఒకసారి, పదేళ్ళ కింద కావచ్చు, పేపర్ చదువుతూ అడిగాను.

"రోజూ అంతసేపు ఏం అడుగుతవ్ దేవుణ్ణి?"

"అడగ. చెప్త."

"ఏం చెప్తవ్?"

"ఇయ్యాల ఏం వండిన్నో చెప్త. పాలు విరిగినయని చెప్త. మీ మోకాలు మళ్ళ నొస్తుందని చెప్త."

"ఇవన్నీ దేవునికెందుకు?"

"మరెవరికి చెప్పాలె? మీరు పేపర్ చదువుతుంటిరి."

నేను నవ్వి పేపర్ తిప్పాను. ఆ మాట తర్వాత పదేళ్ళు నాకు గుర్తు రాలేదు.

కిందటి ఎండాకాలంలో ఒక పొద్దున ఆమె దీపం ముందు అగ్గిపుల్ల పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పుల్ల వేళ్ళ దాకా కాలుతోంది, వదలడం లేదు. ఏమైందని అడిగితే నా వైపు తిరిగి నోరు తెరిచింది. మాట రాలేదు. కుడి చెయ్యి వాలిపోయింది. పళ్ళెం, దీపం, ఆమె, అన్నీ ఒక్కసారి కింద పడ్డాయి.

నేను ఎవరినీ పిలవలేదు. పిలవాలని తోచలేదో, పిలవడం చేతకాలేదో ఇప్పటికీ చెప్పలేను. ఇత్తడి పళ్ళెం చప్పుడుకు పై అంతస్తులో ఉండే సర్దార్జీయే దిగి వచ్చాడు. ఆయన బండ్ల విడిభాగాల దుకాణం నడిపి, దాన్ని కొడుక్కి అప్పగించి, ఇంట్లో కూర్చున్న మనిషి. నాకంటే రెండేళ్ళు పెద్ద. ఆయనా, కింది వాచ్‌మనూ కలిసి ఆమెను మోసి, ఆయన కారులోనే పంజాగుట్టలో ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. నేను వెనక సీట్లో ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పాత బంగళా ఉన్న చోట ఇప్పుడు బట్టల దుకాణం ఉంది. దాని ముందు నుంచే పోయాం. మొదటిసారి నేను అటు చూడలేదు.

డాక్టరు చిన్న వయసు మనిషి. కాగితం మీద మెదడు బొమ్మ గీసి ఎడమవైపు చుక్క పెట్టాడు. "రక్తం ఇక్కడ ఆగింది. నాలుగైదు రోజులు గడవాలి. స్పృహలోకి వస్తారనే అనుకుంటున్నాం. మాట వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేను," అన్నాడు.

నలభై మూడేళ్ళు ఆమె మాటలను వింటూ వినకుండా గడిపినవాణ్ణి. ఇప్పుడు అవి వస్తాయో రావో తేలేదాకా కూర్చోవాలి. కూర్చున్నాను.

ఐసీయూ బయట హాలులో ఒకదానికొకటి అతికించిన ఇనుప కుర్చీలు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లోపలికి పంపిస్తారు. మిగతా సమయమంతా గోడ. పొద్దున్నే అమీర్‌పేటలో బయలుదేరి మెట్రో లైను కింద నడిచి వచ్చేవాణ్ణి. రైలెక్కవచ్చు. కానీ ఆ మెట్లు, ఆ జనం, నడవడమే తేలిక అనిపించేది. మైత్రీవనం దగ్గర కోచింగ్ సెంటర్ల వాళ్ళు వచ్చేపోయే అందరి చేతుల్లో కాగితాలు పెడుతుంటారు. ఫలానా కోర్సు నేర్చుకోండి, ఉద్యోగం ఖాయం. డెబ్బై దాటిన నాకూ ఇచ్చేవారు. వద్దనే ఓపిక లేక తీసుకునేవాణ్ణి. సాయంత్రానికి జేబులో నాలుగైదు పోగయ్యేవి. ఇంటికి పోతే వంటింట్లో దీపం ఉండేది, వెలిగించింది కాదు. అగ్గిపెట్టె ఎక్కడుంటుందో నాకు తెలియదు. వెతకాలని కూర్చుంటే లేవబుద్ధయ్యేది కాదు.

మూడో రోజు నా పక్క కుర్చీలోకి ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. ఏసీలు బాగుచేసే పని. వాళ్ళ అమ్మది మా ఆవిడ పక్క మంచం. మధ్యాహ్నం లేచి తన టిఫిన్ డబ్బా నా పక్కకు జరిపాడు.

"సాబ్, జర గీ డబ్బా చూస్తుండుండ్రి. నమాజ్ చేసుకొని వస్త."

పై అంతస్తులో ఒక గది ఉందట, ఏ మతం వాళ్ళయినా పోయి కూర్చోవచ్చట. ఆయన పోయి పావుగంటకు వచ్చాడు. సాయంత్రం మళ్ళీ పోయాడు. మర్నాడూ అంతే. ఎన్నిసార్లు పోయినా అదే తీరుగా తిరిగొచ్చేవాడు, మొహంలో ఆశ పెరగడం గాని తగ్గడం గాని కనిపించేది కాదు. నాకు అది వింతగా ఉండేది. అర్జీ పెట్టుకున్నవాడి మొహం నాకు బాగా తెలుసు. ముప్పై నాలుగేళ్ళు కౌంటర్ అవతల చూశాను. ఈయన మొహం అది కాదు.

"రోజుకు ఇన్నిసార్లు ఏం అడుగుతవ్?" అన్నాను.

"నమాజ్‌ల అడుగుడేంది సాబ్? గది హాజ్రీ. వచ్చిన, ఉన్న, అని చెప్పుడు. మీరు ఆఫీసుల సంతకం పెట్టలేదా?"

"పెట్టిన."

"సంతకం పెట్టేటప్పుడు జీతం పెంచుమని అడిగిండ్రా? లేదు గద. గంతే. అడిగేది తర్వాత, చేతులు లేపి. గది దువా."

"మరి అది అడిగినవా?"

"అడిగిన. అమ్మీకి మంచిగ కావాలె అని. మీ ఇంట్ల అమ్మకు సుత అడిగిన."

నాకు ఒళ్ళు మండింది. మా ఆవిడ కోసం ఒకరు చెయ్యి చాచడం, అదీ నాకు చెప్పకుండా. "నేను అడగమనలేదు," అన్నాను.

ఆయన డబ్బా మూత తీసి నా వైపు చపాతీ జరిపాడు. "మీరు అడగమన్నంక అడిగితే గది దువా కాదు సాబ్, సిఫారసు అయితది."

చపాతీ తిన్నాను. ఆకలి అంతగా ఉందని అప్పటిదాకా తెలియదు.

అదే సాయంత్రం సర్దార్జీ ఫ్లాస్కులో చాయ్ పట్టుకుని వచ్చాడు. కూర్చుంటూనే అన్నాడు, "పొద్దున గురుద్వారాలో భాభీ కోసం అర్దాస్ చేయించిన."

అమీర్‌పేటలో గురుద్వారా ఉందని తెలుసు గాని ఆ మాట అంతకుముందు విన్నట్టు లేదు. "అర్దాస్ అంటే ఏంది?"

"నిలబడి, చేతులు జోడించి చెప్పుకునుడు. అందరం నిలబడతం. ముందు గురువులను తలుచుకుంటం, ధర్మం కోసం పానం ఇచ్చినోళ్ళను తలుచుకుంటం. గప్పుడు మన బాధ చెప్తం. ఆఖరికి లోకమంతా మంచిగుండాలె అంటం."

"ఆ మాట ఎక్కడిది?"

"నాకేం తెలుసు భాయ్‌సాబ్. పుట్టినప్పటి సంది అర్దాసే."

నాకు తెలిసింది. మా నాన్న ఉర్దూలో రాసే ప్రతి అర్జీకి నెత్తిన ఒకే మాట ఉండేది, అర్జ్‌దాష్త్. విన్నపం అని అర్థం. నాలుకల మీద అరిగి అరిగి అర్దాస్ అయి ఉంటుంది. అంటే ఆ గుళ్ళో రోజూ అందరూ లేచి నిలబడి చేసేది మా తాత వరండాలో జరిగిన పనే. కుర్చీ ముందు నిలబడి అర్జీ చెప్పుకోవడమే. ఒక్క తేడా, అక్కడ కుర్చీలో కూర్చునే మనిషి లేడు. కోటీశ్వరుడూ నిలబడాలి, వాచ్‌మనూ నిలబడాలి.

చిన్నప్పుడు ఒకసారి నాన్న బల్ల దగ్గర కూర్చున్నాను. ఒక ముసలామె పింఛన్ కోసం వచ్చింది. ఆయన ఆమె తండ్రి పేరు, ఊరి పేరు, ఆ ఊళ్ళో వాళ్ళు ఏం చేసేవారో, అన్నీ అడిగి అడిగి రాశాడు. ఇదంతా ఎందుకు అన్నాను. "అర్జీదారు ఎవరో ముందు తెల్వాలె. అడిగేది ఆఖరి లైన్ల రావాలె. ముందే అడిగితే బిచ్చం అయితది," అన్నాడు. అడుక్కోవడానికి, అర్జీకి మధ్య ఆయన గీసుకున్న గీత అది. మడత బల్ల వెనక తల ఎత్తి కూర్చోవడానికి ఆయనకు ఆ గీత కావలసి వచ్చింది. నేను ఆ గీతను చట్టమనుకున్నాను.

ఆరో రోజుకు కూడా మా ఆవిడ కళ్ళు తెరవలేదు. డాక్టరు ముందు రోజు చెప్పిన మాటనే కొంచెం నెమ్మదిగా చెప్పాడు. అక్కడ పనిచేసే ఒక నర్సు గుంటూరు వైపు అమ్మాయి. మందులు పట్టుకుని పోతూ నా ముందు ఆగింది.

"బాబాయ్ గారూ, అలా ఎన్ని రోజులు గోడవంక చూస్తారు? పైన ప్రార్థన గదిలో పెట్టె ఉంది. ఓ చీటీ రాసి వెయ్యండి."

"ఎవరు చదువుతరు?"

"డ్యూటీ అయ్యాక మేం నలుగురం కూర్చుని చదివి ప్రార్థన చేస్తాం."

"ఎవరో ఏమో తెలియకుండానేనా?"

"తెలిసినవాళ్ళ కోసం ఎవరైనా చేస్తారు కదండీ."

"మేం హిందువులం," అన్నాను. అలా ఎందుకన్నానో తెలియదు. నా నుదుటి బొట్టు ఆమె చూస్తూనే ఉంది.

"పెట్టెకి ఏంటండీ తెలిసేది ఆ సంగతి," అని నవ్వి వెళ్ళిపోయింది.

ఆ గది ఒకప్పుడు సామాను గది అయి ఉంటుంది. కిటికీ లేదు. ఒక గోడకు దేవుళ్ళ పటాలు, ఇంకో గోడకు కర్ర సిలువ, పైకప్పు మీద నమాజుకు దిక్కు చూపించే ఆకుపచ్చ బాణం. ఒక మూల చుట్టిపెట్టిన చాపలు. బల్ల మీద పెట్టె, దారానికి కట్టిన పెన్ను, అరచేతి అంత చీటీల కట్ట. వాడేసిన ఫారాలను కత్తిరించి చేసినవి, వెనకవైపు అంతా అచ్చు. కూలిపని చేసే ఒకామె సిలువ ముందు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆమె మెడలో పసుపుతాడు, చేతికి దర్గా తాయెత్తు. ఏది ఎవరిదో ఆమె తేల్చుకునే స్థితిలో లేదు. ఆమె ఏడుపు అయిపోయి, కళ్ళు తుడుచుకుని వెళ్ళేదాకా ఆగాను. అప్పుడు కూర్చుని రాశాను.

ఎవరికని రాయాలో తెలియక పైన ఖాళీ వదిలాను. తర్వాత నాన్న నేర్పిన పద్ధతి. పద్నాలుగు ఊళ్ళ దేశ్‌ముఖ్ గారి మునిమనుమడు. నిజాం సర్కారులో ఫలానా హోదాలో పనిచేసి, పంజాగుట్టలో కాపురమున్న వారి మనుమడు. నాన్న దగ్గర కలం ఆగింది. జీవితంలో ఎక్కడా, ఏ ఫారంలోనూ, నేను ఆయన పని రాయలేదు. 'ఉద్యోగి' అని రాసేవాణ్ణి. చాలాసేపు కూర్చుని, 'అర్జీలు రాసి బతికినవారి కుమారుడు' అని రాశాను. తర్వాత నా ఉద్యోగం, నా సర్వీసు. అక్షరాలు చిన్నవి చేస్తూ పోయాను. అంచు వచ్చేసింది. మడిచి పెట్టెలో వేసి మెట్లు దిగాను.

కింద ఇనుప కుర్చీలో కూర్చున్న పది నిమిషాలకు తెలిసింది. చీటీలో ఆమె లేదు. ఏం కావాలో లేదు. నా సంతకం కూడా లేదు. సంతకం లేని అర్జీని మా సెక్షన్‌లో ఆకాశరామన్న అనేవాళ్ళం. నంబరు వేయకుండా పక్కన పడేసేవాళ్ళం. లేచి పైకి పోయి ఇంకో చీటీ రాయవచ్చు. మోకాళ్ళు లేవలేదు. ఆ మెట్లు ఇంకోసారి ఎక్కే బలం ఎవరైనా ఇస్తారా అని చూసినట్టు చుట్టూ చూశాను. ఏసీల ఆయన కూర్చునే నిద్రపోతున్నాడు. అందరమూ అలసిపోయి ఉన్నాం.

మర్నాడు పొద్దున ఆ నర్సు వచ్చి అడగకుండానే చెప్పింది.

"నిన్న ఒక చీటీ వచ్చింది బాబాయ్ గారూ. అందులో అడిగిందేం లేదు, వంశమంతా ఉంది. ముత్తాత గారు, తాత గారు, నాన్న గారు. ఎవరిదో తెలీలేదు. సర్లే, వీళ్ళందరి ఆత్మశాంతి కోసమేమో అనుకుని ముగ్గురికీ ప్రార్థన చేసేశాం."

చెప్పులు చేత్తో పట్టించిన మనిషికి, నిలబెట్టి విన్న మనిషికి, గొడుగు కింద కూర్చుని రాసిన మనిషికి, డ్యూటీ దిగిన నలుగురు ఆడపిల్లలు నొప్పెడుతున్న కాళ్ళతో కూర్చుని ప్రార్థన చేశారు. మా నాన్న కోసం నేను సంవత్సరీకాలు పెట్టాను. కానీ ఇంకొకరు ఆయన కోసం అడగడం ఇదే మొదలు కావచ్చు. సర్దార్జీ వాళ్ళు తలుచుకునేది ప్రాణాలు ఇచ్చినవాళ్ళను. నేను రాసింది కుర్చీలో కూర్చున్నవాళ్ళను. అయినా వాళ్ళకూ ప్రార్థన జరిగింది.

నర్సు ట్రే తీసుకుని కదలబోతోంది. లేచి నిలబడ్డాను.

"అమ్మా, ఆ చీటీ నాది."

ఆమె ఆగింది.

"నా భార్య సంగతి రాయాలని పోయిన. జాగ సరిపోలేదు. ఆమె లేవాలె. ఆమెకు మాట రావాలె. జర ఆమె కోసం సుత చెయ్యుండ్రి."

అంతే అన్నాను. ఆమె నవ్వలేదు. "ఆవిడ పేరేంటి బాబాయ్ గారూ?" అంది.

ఫైలు మీద పేరు ఉంటుంది. ఆమెకు తెలియక కాదు. నేను చెప్పాలని అడిగింది. ఇంట్లో నేను మా ఆవిడను "ఇగో" అనే పిలిచేవాణ్ణి. ఆ పేరు నోటితో పలికి ఎన్నేళ్ళయిందో గుర్తు లేదు. పలికాను. నర్సు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది, పెదవులు కదిలాయి, మందుల వేళయిందని వెళ్ళిపోయింది. గోడ అలాగే ఉంది. నాకేమీ తేలికగా అనిపించలేదు. నిలబడి ఉన్నానన్న సంగతి మాత్రం కాసేపటికి గుర్తొచ్చి కూర్చున్నాను.

ఎనిమిదో రోజు పొద్దున ఏసీల ఆయన తల్లి పోయింది. అతని తమ్ముళ్ళు కాగితాల పని మీద కిందికీ పైకీ తిరుగుతున్నారు. మధ్యాహ్నం అతను నా దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే డబ్బా కుర్చీ మీద పెట్టాడు. అది ఖాళీది.

"జర చూస్తుండుండ్రి సాబ్. నమాజ్ వేళయింది."

"ఇప్పుడా?" అన్నాను. నోరు జారింది.

"అమ్మీ పోయిందని హాజ్రీ మానేస్తమా సాబ్?" అన్నాడు. ఏడుస్తూనే అన్నాడు.

నేను డబ్బా పట్టుకుని అతని వెనకే పైకి పోయాను. అతను చాప పరిచి, బాణం చూపించే వైపు నిలబడ్డాడు. వంగాడు, నుదురు నేలకు ఆనించాడు. నాకు వంగడం రాదు, మోకాళ్ళూ సహకరించవు. తలుపు దగ్గర డబ్బా పట్టుకుని అతని నమాజు అయ్యేదాకా నిలబడ్డాను. ఏమీ అడగలేదు. ఎవరైనా హాజరు పట్టీ చూస్తే ఆ రోజు నేనూ ఉన్నట్టే.

అతని దువా ఫలించలేదు, నాది ఫలించింది అని ఎవరైనా లెక్క కడితే నేను ఒప్పుకోను. మా ఆవిడ పదకొండో రోజు కళ్ళు తెరిచింది. అతని అమ్మ తెరవలేదు. రెండు మంచాల మధ్య మూడడుగుల దూరం, ఒకే దువాలో ఇద్దరూ ఉన్నారు. దీనికి ఏ మతంలో ఏం సమాధానం చెప్తారో నాకు తెలియదు. ఆ మనిషిని అడిగే ధైర్యం నాకు లేదు.

ఆమె కళ్ళు తెరిచింది గాని మాట రాలేదు. కుడివైపు చచ్చుబడింది. నన్ను గుర్తుపట్టింది, ఎడమ చేత్తో నా గడ్డం పట్టుకుని పెరిగిందని చూపించింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "రోజూ ఆమెతో మాట్లాడండి. ఏదైనా సరే. చెవిన పడుతూ ఉండాలి," అన్నాడు.

ఏం మాట్లాడాలి? నలభై మూడేళ్ళలో మాట్లాడేది ఆమె. మొదటి రోజు పొద్దున చాయ్ పెట్టుకుని మంచం పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చున్నాను. చాయ్ తాగాను. అప్పుడు ఆమె మాట గుర్తొచ్చింది. అడగ, చెప్త.

"పాలు విరిగినయ్," అన్నాను. "పెరుగు తోడుకోలేదు. నా ఎడమ మోకాలు నొస్తుంది. అగ్గిపెట్టె బియ్యం డబ్బా వెనక దొరికింది, అక్కడ ఎవరన్న పెడ్తరా?"

ఆమె చూస్తూ ఉంది. అవే మాటలు తర్వాత వంటింట్లో దీపం వెలిగించి అక్కడా చెప్పాను. ఏది పూజో, ఏది డాక్టరు చెప్పిన పనో నాకు తేడా తెలియలేదు. ఇప్పటికీ రోజూ రెండు చోట్లా చెప్తున్నాను. పేపర్ మాన్పించాను.

తల వైపు పైకి లేపే మంచం ఒకటి కావాలన్నారు. పడకగదిలో పట్టదు, ముందు గదిలోనే వేయాలి. సర్దార్జీ కొడుకు, ఇంకో మనిషి మంచం మోసుకొచ్చి గుమ్మంలో ఆగారు. "ఈ కుర్చీ ఉంటే రాదు అంకుల్," అన్నారు. పక్కకు జరుపుదామని నేను వంగి దాని చెయ్యి పట్టి లాగాను. అది ఒక్కసారిగా కదిలి, దాని కాలు వచ్చి నా చిటికెన వేలికి తగిలింది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒంటికాలి మీద నిలబడి గోడ పట్టుకున్నాను.

లోపలి గదిలో నుంచి చప్పుడు వచ్చింది. తలుపు తెరిచే ఉంది, ఆమె చూస్తోంది. మూతి ఒకవైపే లేచింది. గొంతులో గురగురమని ఏదో మొదలై, ఆగి, మళ్ళీ మొదలైంది. ఏడుస్తోందనుకుని కుంటుతూ పోయాను. నవ్వుతోంది. పడిన రోజు తర్వాత ఆమె గొంతులోంచి వచ్చిన మొదటి శబ్దం అదే. మాటలు ఇంకా రాలేదు. ఒకటి రెండు ముక్కలు వస్తున్నాయి, అర్థమయ్యేవి తక్కువ.

అర్జీ కుర్చీని ఆ వారమే ఎర్రగడ్డలో పాత సామాను కొనేవాళ్ళకు అమ్మేశాం.